ఈల వేసే నీడకి చివరి అధ్యాయం

జూన్ 6

వదినా,

ఫోను చేస్తే "ఆఁ? ఆఁ?" అంటూ నా గొంతు పోయేదాకా అరిపిస్తావు. చివరికి "సరేలే, అంతా బాగానే ఉంది" అని పెట్టేస్తావు. అందుకే మళ్ళీ కాగితం పట్టుకున్నాను. ఇందులో అయితే నా మాట వినపడలేదనడానికి లేదు.

సంగతేమిటంటే, "ఈల వేసే నీడ" మళ్ళీ అచ్చు వేస్తారట. ఎవరో పబ్లిషరమ్మాయి, మా అమ్మాయి వయసు కూడా ఉండదు, పోయిన వారం ఇంటికొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. బీరువా ముందు నేల మీద చతికిలబడి నా నవలలన్నీ బయటికి లాగి ఒక్కొక్కటీ వాసన చూసింది. వాళ్ళమ్మ దిండు కింద దాచుకుంటే ఈ పిల్ల దొంగతనంగా చదివేదట. "దెయ్యాన్ని కూడా ప్రేమించొచ్చని నాకు చెప్పింది మీరేనండీ" అంది. మా ఆయన పేపరు వెనక నుంచి, "అందుకే నన్ను చేసుకుంది" అన్నారు. ఆయన నా నవల ఏదీ మూడో పేజీ దాటి చదివింది లేదు గాని, ఇలాంటి మాటలకి మాత్రం ముందుంటారు.

ముందుమాట రాయమంది. రాద్దామని కూర్చుంటే నవల గుర్తు రాలేదు వదినా, ఆ మేడ మీది వాటా గుర్తొచ్చింది. అన్నయ్య పోయాక అమ్మా, నువ్వూ, నేనూ. ఇస్త్రీ బల్ల మీద నా రాత. ఎవరైనా బట్టలు తెస్తే నా అధ్యాయం ఎత్తి కిటికీలో పెట్టాల్సిందే. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నీ చేతులు ఆ ఎక్స్‌రే మందు వాసనేసేవి. చీకటి గదిలో తడి ఫిల్ములు క్లిప్పులకి వేలాడుతుంటే, ఎర్ర బల్బు వెలుగులో మనుషులు లోపలి నుంచి నవ్వుతున్నట్టుంటారని చెప్పావు చూడు, ఆ మాటకే నా నీడ పుట్టింది. అంతకుముందు నేను రాసినవన్నీ హత్యలూ, తాళాలూ, తప్పించుకున్న కార్లూ. నా రాతకి ఎముకలిచ్చింది నువ్వే.

నీకు ఏమేం గుర్తున్నాయో రాయి. నేను చెబితే నవలలా ఉంటుంది. నువ్వు చెబితే నిజంలా ఉంటుంది.

అన్నట్టు, చివరి అధ్యాయం మార్చేస్తున్నాను. ఎందుకో నీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మోకాళ్ళు జాగ్రత్త.

నీ బుడ్డి

*

జూన్ 19

బుడ్డీ,

నీ ఉత్తరం అందింది. చేతిరాత ఇంకా చీమలు పారినట్టే ఉంది. ఇంత పేరున్న రచయిత్రివి, అక్షరాలు కాస్త పెద్దవి చేస్తే ఏం పోతుంది?

అడిగావు గనక చెబుతున్నా. నాకు గుర్తున్నది నీ గొంతు కాదు, నా గొంతు. వారం వారం నువ్వు రాసింది పైకి చదివేది నేనే కదా. అత్తయ్య పప్పు ఏరుతూ వినేది. అసలు వినడం లేదన్నట్టే ఉండేది. ఎక్కడైనా హంతకుడు తలుపు దగ్గరికొచ్చాడో, పళ్ళెంలో చెయ్యి ఆగిపోయేది. మొదటిసారి ఆ నీడ ఈల వేసుకుంటూ మెట్లెక్కుతుందని చదివినప్పుడు నేను ఆగిపోయాను, గుర్తుందా? మీ అన్నయ్య అలాగే వచ్చేవారు. నాలుగో మెట్టు దగ్గర ఈల ఆపేవారు, అత్తయ్యకి వినపడకూడదని. అత్తయ్య నా వైపు చూడకుండానే "చదువమ్మా, ఆపావేం" అంది. ఆ తర్వాత ఆవిడ ఒక్క వారం కూడా వదల్లేదు.

వారపత్రికలో పడ్డాక మా ఆసుపత్రి అంతా అదే గొడవ. నర్సులు డ్యూటీ మార్చుకునేటప్పుడు ముందు జ్వరాల సంగతి కాదు, నీడ సంగతి చెప్పుకునేవాళ్ళు. "మీ మరదలే కదా, హీరోయిన్ని ప్రేమించే ఆ ఇంజనీరుని చంపేస్తుందా లేదా చెప్పండి" అని డాక్టరుగారే ఒకసారి నన్ను పట్టుకున్నారు. ఆయనకి "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని చెప్పి తప్పించుకున్నాను.

ఇంక చివరి అధ్యాయం సంగతి. అది మార్చొద్దు.

ఎందుకో నాకు తెలుసని రాశావు. తెలుసు. తెలిసే చెబుతున్నా. అప్పుడు రాయాల్సింది అప్పుడు రాశావు. నేను చదవాల్సింది చదివాను. ఇన్నేళ్ళయ్యాక అది కాదు, ఇది అంటే ఎలా? బట్ట కుట్టి, కట్టుకుని, చిరిగిపోయాక కొలతలు తప్పని చెప్పినట్టుంది.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

నీ వదిన

*

జూలై 2

వదినా,

నీ ఉత్తరం చదివి నాకు మొహం మాడిపోయింది. అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

నీ బాధ నాకర్థమైంది. ఆ నీడ అన్నయ్యే. అది మనిద్దరికీ తెలుసు, అమ్మకీ తెలుసు. అచ్చయిన కథలో హీరోయిన్ ఆ నీడ దగ్గరే ఉండిపోతుంది. ఇప్పుడు నేను మార్చేస్తే అన్నయ్యని ఇంట్లోంచి పంపించేసినట్టు నీకు అనిపిస్తుంది. అవునా? కాని వదినా, నువ్వనుకుంటున్నది తప్పు. ఆ ముగింపు నాది కాదు! నీకు తెలుసనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది అచ్చయిన రోజు నా ఏడుపు చూసి కనిపెట్టేశావనుకున్నాను.

నేను రాసింది వేరు. అందులో నీడ మేడ మీద నిలబడి, "నేనున్నంతకాలం నువ్వు తలుపు తీయవు, నేను వెళ్తాను" అంటుంది. వెళ్ళిపోతుంది. పొద్దున్న ఇంజనీరు వస్తే ఆవిడ తలుపు తీస్తుంది. అంతే, అక్కడితో అయిపోయింది.

అది తీసుకెళ్ళి సంపాదకుడుగారి బల్ల మీద పెట్టాను. ఆయన గది నీకు చెప్పానుగా, కాగితాల గుట్టల మధ్య టేబుల్ ఫ్యాను, ఆ ఫ్యానుకి కూడా ఒక గుడ్డపేలిక కట్టి ఉండేది, కాగితాలు ఎగరకుండా. పని నేర్పింది ఆయనే, కాదనను. "తలుపు తెరిపించకమ్మా, గడియ మీద చెయ్యి వేయించి ఆపెయ్. వచ్చే వారం దాకా వాళ్ళు ఆ గడియ పట్టుకునే ఉంటారు" అనేవారు. సస్పెన్సు అంటే ఇంతే అని నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. ఆరోజు మాత్రం కళ్ళజోడు తీసి, మూల ఉన్న సంచి చూపించారు. అన్నీ పాఠకుల ఉత్తరాలే. నీడని చంపొద్దనీ, పంపొద్దనీ. ఒకావిడైతే నేరుగా నీడకే రాసింది, మీ ఆవిడ కాదంటే మా ఇంటికి రండి, మా మెట్లు కూడా చెక్కవే అని.

"ఇంజనీరుకి ఒక్క ఉత్తరమైనా వచ్చిందా చూపించు" అన్నారాయన. నా చేతిలోంచి చివరి పేజీలు తీసుకుని, ఆయనే అక్కడికక్కడ రాసేసుకున్నారు. ఆవిడ ఇంజనీరుకి తలుపు వేసేస్తుంది. నీడతో, "ఈ గదిలో మనిద్దరికే చోటుంది" అంటుంది. ఆ వాక్యానికి నాకు ఎంత పేరొచ్చిందో! పెళ్ళి కార్డుల మీద కూడా అచ్చేసుకున్నారు. అది నాది కాదని ఎవరికీ చెప్పలేకపోయాను. ఆ తర్వాత "నీడ మళ్ళీ వచ్చింది", "నీడకి నిద్ర లేదు", ఇంకా ఎన్ని నీడలు! నిద్ర లేనిది నాకు.

కాబట్టి నేను అన్నయ్యని వెళ్ళగొట్టడం లేదు. నేను రాసింది నేను తెచ్చుకుంటున్నాను. ఇప్పుడైనా కోపం తగ్గిందా?

నీ బుడ్డి

*

జూలై 9

బుడ్డీ,

కోపం కాదు. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

మా ఆసుపత్రికి మెషిన్లు బాగుచేయడానికి ఒకాయన వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ముందు ఫ్యూజు చూద్దామండీ అనేవారు, అందుకని అందరం ఫ్యూజాయన అనేవాళ్ళం. నువ్వు చూశావు. ఒకసారి నాకు గొడుగు ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డావు. ఆయన చేతులు మసి చేసుకుని ఏదో అంటున్నారు, నేను పగలబడి నవ్వుతున్నాను. మీ అన్నయ్య పోయాక నేను అలా నవ్వడం నువ్వు చూడ్డం అదే మొదలు. గొడుగు మేకుకి తగిలించి, మాట్లాడకుండా వెళ్ళిపోయావు.

ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగారు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకి ఏం చెప్పాలో తేల్చుకోలేకపోయాను. అప్పుడే నీ చివరి భాగం వచ్చింది. మిగతావన్నీ నాచేత చదివించినదానివి, "చివరిది మాత్రం అచ్చులోనే చదువు వదినా" అన్నావు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుని చదివాను. ఇంజనీరుకి ఆవిడ తలుపు వేసేసింది. ఈ గదిలో మనిద్దరికే చోటుంది అంది.

నాకు జవాబు దొరికిందనుకున్నాను. నువ్వు మమ్మల్ని చూశావు, మాటల్లో చెప్పలేక కథలో చెప్పావు అనుకున్నాను. మీ ఇంటి మనసు ఇదీ అని. ఆయనకి వద్దని చెప్పేశాను.

నిన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు, అనుకోలేదు కూడా. అన్నగారి మీద ప్రేమతో రాసిందిలే అనుకున్నాను. ఇప్పుడు చెబుతున్నావు, అది నువ్వు రాయనే లేదని. ఎవరో ఫ్యానుకి పేలిక కట్టుకున్నాయన రాశాడని.

ఇంకేం రాయను? కలం సాగడం లేదు.

వదిన

*

జూలై 15

వదినా, మా వదినా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. అక్కడే కూలబడ్డాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగితే, ఇంజనీరుకి తలుపు వేసేసింది అన్నాను. ఆయన పాపం ఫ్యాను వేసి, మంచినీళ్ళిచ్చి, నాకు మతి చలించిందేమోనని పక్కనే కూర్చున్నారు.

వదినా, అసలు సంగతి విను. గుమ్మంలో గొడుగు పట్టుకుని మిమ్మల్ని చూసిన మాట నిజం. మాట్లాడకుండా వెళ్ళిపోయిందీ నిజమే. కోపంతో అనుకున్నావా? నీ నవ్వు చెడిపోతుందేమోనని భయపడి వెళ్ళాను. మెట్లు దిగుతూ ఏడ్చాను, సంతోషానికో, అన్నయ్య గుర్తొచ్చో నాకే తెలీదు. ఆ మర్నాడే నవలలోకి ఇంజనీరు వచ్చాడు. అంతకుముందు కథలో అతను లేడు, కావాలంటే గుర్తుచేసుకో! చేతికి మసి, మాటకి ముందు నవ్వు. ఎవరనుకున్నావు?

చివరి అధ్యాయం నీచేత చదివించకపోవడానికి కారణం అదే. అది నీకు రాసింది. నీకంటే ఎంతో చిన్నదాన్ని, వదినా మళ్ళీ పెళ్ళి చేసుకో అని ఏ నోటితో చెప్పను? అమ్మ పక్కనే ఉంటుంది. అందుకని నీడచేత చెప్పించాను. "నేనున్నంతకాలం నువ్వు తలుపు తీయవు." అన్నయ్యే చెబితే నువ్వు వింటావనుకున్నాను. అచ్చులో నువ్వు చూసుకుని, నా దగ్గరకొచ్చి, "బుడ్డీ, అర్థమైందే" అంటావని ఆశపడి ఆ పేజీలు పట్టుకెళ్ళాను. సంపాదకుడుగారు దాన్ని తలకిందులు చేసి పంపించారు. నేను వెళ్ళమని రాస్తే నీకు ఉండమని అందింది.

ఇన్ని నవలలు రాశాను. అందరి జంటల్నీ కలిపాను. గోడల్లోంచి నడిచొచ్చే వాళ్ళనీ, తుపాకి గుండు తగిలిన వాళ్ళనీ, పోయినజన్మలో విడిపోయిన వాళ్ళనీ కూడా కలిపాను. మా ఇంట్లో ఉన్న ఒక్కదాని బతుకు మీద మాత్రం నా పుస్తకం పడి నలిపేసింది.

నేను చేతులు కట్టుకు కూర్చోలేదు. మీ ఆసుపత్రి పాతవాళ్ళని పట్టుకుని, వాళ్ళ ద్వారా మెషిన్ల కంపెనీ వాళ్ళని పట్టుకుని ఆయన ఆచూకీ తీశాను. ఉన్నారు! మీ ఊరికి బస్సులో ఒక పూట దూరం. నీ చిరునామా ఇచ్చి రాశాను. వస్తే కాదనకు. నా మీద ఒట్టు.

నీ బుడ్డి

*

ఆగస్టు 3

బుడ్డీ,

నీకు తల వాచేలా చీవాట్లు పెట్టాలని మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అడగా పెట్టకుండా చిరునామా ఇస్తావా? నేను తలకి నూనె పెట్టుకుని, పాత చీర చుట్టుకుని, కుళాయి కింద బకెట్ పెడుతుంటే గేటు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే ఫ్యూజాయన. బట్టతల, చేతికర్ర. నవ్వు మాత్రం అదే. వెనకాల వాళ్ళావిడ!

అవును, వాళ్ళావిడ. పొడుగ్గా, సంచి భుజానికి తగిలించుకుని, గట్టిమనిషి. "మీరేనా ఎక్స్‌రే అమ్మగారు! మీ మరదలుగారి పుస్తకాలన్నీ నా దగ్గరున్నాయి, సంతకం పెట్టించాలి, ఆవిడ రాలేదా?" అంటూ నన్ను దాటుకుని లోపలికొచ్చేసింది. నువ్వు ఉత్తరంలో ఏం రాశావో గాని, ఆవిడకి అర్థమైంది మటుకు నువ్వు ఇక్కడ ఉన్నావని. ఎదురుచూసిన మనిషి నేను కాదు, నువ్వు! నాకు సిగ్గూ పోయింది, కోపమూ పోయింది. టీ పెట్టాను.

ఆయన నా చెవి పక్కకి కుర్చీ జరుపుకుని గట్టిగా మాట్లాడారు. ఆ మెషిన్లన్నీ పోయాయట, ఇప్పుడు చీకటి గదులే లేవట, అంతా తెరల మీదేనట. ఇద్దరం కాసేపు ఆ ఎర్ర బల్బుల గురించి చెప్పుకున్నాం, పోయిన చుట్టాల గురించి చెప్పుకున్నట్టు. అప్పుడు నేనే కదిపాను. వాళ్ళావిడ ఎదురుగానే.

"ఆ వారపత్రికలో చివరి భాగం చదివే నేను మీకు వద్దన్నానండీ. మా మరదలు ఇప్పుడు దానికి ఏడుస్తోంది" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అదెలాగండీ? మీరు వద్దన్నాకే కదా ఆ చివరి భాగం వచ్చింది" అన్నారు.

"కాదండీ, చదివాకే."

"నేను మరిచిపోతానా! మీరు వద్దన్నాక బస్టాండులో ఆ పత్రిక కొనుక్కున్నాను. నాకెలాగూ లేదు, కనీసం ఆ ఇంజనీరుకైనా పెళ్ళవుతుందేమో చూద్దామని. వాడికీ తలుపు వేసేసింది. పత్రిక విసిరి కొట్టాను."

వాళ్ళావిడ పడీ పడీ నవ్వింది. "విసిరితే నా ఒళ్ళోనే పడింది. అలాగే మా పరిచయం" అంది.

నేను ఒప్పుకోలేదు. మీరే మరిచిపోయారన్నాను. అప్పుడాయన అడిగారు. "నేను అడిగిన రోజు మెషిన్ నడుస్తోందా, ఆగిందా?" ఆగింది. ట్యూబు మారుస్తున్నారు. వరండా నిండా జనం, ఎత్తుకొచ్చిన వాళ్ళూ, కట్లు కట్టిన వాళ్ళూ. ఆయన నట్లు బిగిస్తూ బిగిస్తూ, అటు తిరిగే అడిగారు. బదిలీ అయింది, మీరు నాతో వస్తారా అని. నేను ఏమన్నానో ఆయనకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నేనెలా వస్తానండీ, రేపు పొద్దున్న మెషిన్ ఎవరు వేస్తారు?" అన్నానట.

అన్నాను, బుడ్డీ. ఆయన చెప్పగానే నా గొంతు నాకు వినిపించింది. నీ చివరి భాగం చదివిన రోజు మెషిన్ బాగా నడుస్తోంది. ఫిల్ములు ఆరబెట్టి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. అంటే అప్పటికే ఆయన వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక టీ గ్లాసులు కడిగాను. ఎందుకు ఇన్నాళ్ళూ తారుమారుగా గుర్తుపెట్టుకున్నానో ఆలోచించాను. ఆయన మంచివాడు, నాకు ఇష్టమే. కాని ఆ గది నాది. ఆ తాళంచెవి నా కొంగున ఉండేది. మీ అన్నయ్య పోయినప్పుడు అందరూ నన్ను చూసి జాలిపడ్డారు. ఆ గదిలో ఎవరూ పడలేదు. పెద్ద పెద్దవాళ్ళు కూడా నేను ఊపిరి బిగబట్టమంటే బిగబట్టేవాళ్ళు. అది వదిలి ఇంకో ఊళ్ళో ఇంకొకరి ఇంట్లో కూర్చోవాలనిపించలేదు. అలా అని ఎవరికి చెప్పను? మనిషి కంటే మెషిన్ ఎక్కువైందా అంటారు. నాకే తప్పుగా తోచింది. నీ కథ చేతికి అందింది గనక దాని మీద పెట్టేశాను. ఇంటికోసం వద్దనుకున్నదాన్ని అనుకోవడం, పనికోసం వద్దనుకున్నదాన్ని అనుకోవడం కంటే సుఖంగా ఉంది.

కాబట్టి నువ్వు కన్నీళ్ళు తుడుచుకో. నా బతుకు నీ పుస్తకంలో దొర్లిన అచ్చుతప్పు కాదు. దిద్దడానికి రావద్దు.

ఆవిడ నాలుగు పుస్తకాలు ఇక్కడే వదిలి వెళ్ళింది. వచ్చి సంతకం పెట్టు.

నీ వదిన

*

ఆగస్టు 20

వదినా,

నీ ఉత్తరం మా ఆయనకి పైకి చదివి వినిపించాను. మూడో పేజీ దాటినా నిద్రపోలేదు. "ఇలాంటిది నువ్వెందుకు రాయలేదు?" అన్నారు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన నా రాతల గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

నిజంగానే ఎందుకు రాయలేదు? సంపాదకుడుగారూ నేనూ చెరో ముగింపూ పట్టుకుని కొట్టుకున్నాం గాని, ఇద్దరం ఆవిణ్ణి ఎవరో ఒకరికి అప్పజెప్పాలనే చూశాం. ఆయన నీడకి, నేను ఇంజనీరుకి. ఆవిడకి ఏం కావాలని ఒక్కరమూ అడగలేదు. ఇంటి ముందు ఇద్దరు నిలబడితే ఎవరో ఒకరికి తలుపు తీయాలనే తెలుసు నాకు. ఆవిడ చెప్పులేసుకుని తన దారిన బయటికి పోవచ్చని తోచనే లేదు.

మళ్ళీ రాశాను. నీడా ఉంది, ఇంజనీరూ ఉన్నాడు. ఇంజనీరు తనతో రమ్మంటాడు. ఆవిడ వద్దంటుంది, నవ్వుతూనే. అతను వెళ్ళాక నీడ మెట్ల మీద నిలబడి, "నేను కూడా వెళ్ళనా?" అని అడుగుతుంది. ఆవిడ జడ వేసుకుంటూ, "అది మీ ఇష్టం. ఉంటే ఉండండి, వెళ్తే వెళ్ళండి. నాకు మాత్రం పనికి వేళయింది" అంటుంది. తలుపు తీసుకుని ఆవిడే వీధిలోకి వెళ్ళిపోతుంది. నీడ ఏం చేసిందో రాయలేదు.

పబ్లిషరమ్మాయి చదివి దిగాలు పడింది. "ప్రేమకథకి ఇది ముగింపేనా అండీ? చదివేవాళ్ళు గోలపెడతారు" అంది. పెట్టనీ అన్నాను. కాసేపు పేజీలు తిరగేసి, "మా అమ్మకి ముందు చూపిస్తాను" అంది. మర్నాడు ఫోను చేసింది. వాళ్ళమ్మ చదివి లేచి, ఎప్పుడో మానేసిన సంగీతం క్లాసు ఎక్కడుందో కనుక్కుని రమ్మందట. ఇప్పుడా పిల్ల ఈ ముగింపు తప్ప ఇంకోటి వద్దంటోంది.

కాని ఆఖరి మాట నీది. అప్పుడు నిన్ను అడక్కుండా నిన్ను రాశాను. ఈసారి అడుగుతున్నాను. ఆ పేజీలు దీంతో పంపుతున్నాను. నువ్వు సరేనంటేనే అచ్చుకి వెళ్తాయి. వద్దంటే ముగింపు లేకుండానే వేస్తారు, నాకేం బాధ లేదు.

నీ బుడ్డి

*

సెప్టెంబరు 1

బుడ్డీ,

పేజీలు అందాయి. అక్షరాలు పెద్దవి చేసి రాశావు, సంతోషం.

రెండు తప్పులున్నాయి. ఒకటి, పనికి వెళ్ళేది జడ కాదు, ముడి వేసుకుంటుంది. వేలాడే జుట్టుతో మెషిన్ల దగ్గరికి ఎవరూ వెళ్ళరు. రెండు, ఆవిడ ఇంజనీరుకి వద్దని చెప్పాక వెంటనే నవ్వుతూ తిరిగినట్టు రాశావు. ఒక రోజంతా బాగా ఉండదు, బుడ్డీ. మనసు పీకుతుంది. అడిగిన మనిషి మంచివాడైతే ఇంకా పీకుతుంది. అది ఒక ముక్క పెట్టు. లేకపోతే వద్దనడం అంత తేలికనుకుంటారు చదివేవాళ్ళు.

ఆ రెండూ దిద్ది అచ్చుకి ఇచ్చెయ్. నాకు ఇష్టమే.

ఇక్కడ వానలు తగ్గాయి. నిన్న సాయంత్రం వసారాలో కూర్చుని ఆ పేజీలు పైకి చదివాను. ఎవరూ లేరు వినడానికి, అయినా చదివాను. నా చెవులకి నా గొంతు అందేట్టు గట్టిగానే చదివాను. నీడ మెట్ల మీద నిలబడి "నేను కూడా వెళ్ళనా?" అని అడిగే చోట ఆగిపోయాను.

మీ అన్నయ్య పోయాక ఆయన కోసం ఏడ్చాను. ఆయన బట్టలు మడతపెట్టాను, ఆయన గురించి అత్తయ్యతో, నీతో ఎన్నోసార్లు మాట్లాడాను. ఆయనతో మాత్రం ఒక్కసారీ మాట్లాడలేదు. పోయినవాళ్ళతో ఏం మాట్లాడతామని. నీ కథల్లో వాళ్ళు గంటలు గంటలు మాట్లాడుకుంటుంటే చదివి నవ్వుకునేదాన్ని కూడా.

నిన్న ఆ పేజీ ఒళ్ళో పెట్టుకుని మాట్లాడాను. చీకటి పడేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, ఎవరొచ్చారండీ అని కూడా అడిగింది.

ఏం మాట్లాడానో మాత్రం నీకు చెప్పను. చెబితే రాసేస్తావు.

నీ వదిన